వేళ్లు తన్నిన పందిరి

కిందటి మాసము ఈ శీర్షికలో పొట్లపాదునకు పందిరి వేయు విధమును వ్రాసియుంటిమి. అది చదివిన సోదరి యొకరు, "మీరు చెప్పిన వెదురుగుంజలు రెండేండ్లు తిరుగునప్పటికి చెదపట్టి కూలుచున్నవి. కూలని పందిరి యేదైన నున్నచో చెప్పుడు" అని మమ్ము కోరిరి. ఎన్నటికిని కూలని పందిరి లోకములో లేదు. కాని పాతిన గుంజయే చిగిర్చి, వేళ్లు తన్ని, ఏటేట బలము పుంజుకొను పందిరి యొకటి కలదు. దానిని మేము మన దేశమున గాక ఇంగ్లండులో చూచితిమి. చూచుటయే గాదు, మా చేతులతో కట్టితిమి. కట్టి, మా తెలివితక్కువచేత కొంత పాడును చేసితిమి. ఆ సంగతి యంతయు ఈ మాసము సోదరీమణులకు విన్నవించుకొందుము.

మా పెద్దమ్మాయి భర్తతో నింగ్లండులో కాపురమున్నది. పోయిన యేడు మాఘమాసములో నామె యొద్దకు బోయి, ఆషాఢము వచ్చువరకు నచ్చట నుంటిమి. మేము చేరినప్పుడు చెట్లన్నియు నాకులు రాల్చి కట్టెలవలె నిలిచియుండెను. సాయంకాలము నాలుగైదు గంటలకే చీకటి పడుచుండెను. ఇంటివెనుక చిన్న దొడ్డి. అందులో గడ్డి తప్ప మఱేమియు లేదు.

మా మనుమరాలికి ఆరేండ్లు. అక్కడనే పుట్టిన బిడ్డ. తెలుగు చెప్పిన నర్థము చేసికొనును గాని, నోరు విప్పిన ఇంగ్లీషే వచ్చును. మేము తెలుగున నడుగుదుము. అది ఇంగ్లీషున జవాబిచ్చును. మాకు వచ్చిన ఇంగ్లీషు బజారులో బేరమునకు చాలునేమో గాని, పసిపిల్లతో ముచ్చట్లాడుటకు చాలదు. అందుచేత మేమిద్దరము నొకరి మొగ మొకరు చూచుకొని, నవ్వుకొని, ఊరకుండెడివారము. ఇంత దూరము వచ్చి మనుమరాలితో మాటలు లేక తిరిగి పోవలసినదేనా యని మాకు లోలోపల దిగులుగా నుండెను.

ఒకనాటి యుదయమున పక్కయింటి పెద్దావిడ దడిమీదుగా పిలిచి, ఒక పెద్ద మోపు పుల్లలు మా యమ్మాయి చేతికిచ్చెను. ఒక్కొక్కటి చిటికెనవ్రేలు మొదలు బొటనవ్రేలు లావున, పది యడుగుల పొడవున, కొరడావలె వంగుచున్నవి. మా యమ్మాయి సంతోషమునకు మేరలేదు. "ఇవి పొయ్యిలోనికి గాక మఱి దేనికమ్మాయీ?" అని యడిగితిమి. "వీనితో పాపకు గుడిసె కట్టుదమమ్మా. ఉగాది దాటిన తరువాత నీవే చూతువు" అని యామె నవ్వెను.

అవి విల్లో చెట్టు కొమ్మలు. ఈ జాతిలో వందలకొలది రకములు గలవు. చల్లని దేశములలో ఏటిగట్లమీదను, చిత్తడినేలలలోను ఇవి విరివిగా పెరుగును. మన కాశ్మీరములో క్రికెట్ బ్యాట్లు చేయునది విల్లో కఱ్ఱతోనే. చలికాలమున నచ్చటివారు అంగీలోపల పెట్టుకొను నిప్పుకుంపటికి బుట్ట యల్లునది ఈ జాతి పుల్లలతోనే. బుట్టలకు మిక్కిలి పేరుపడిన రకమునకు ఇంగ్లీషువారు ఓసియర్ అని పేరిడిరి. శాస్త్రజ్ఞులు సేలిక్స్ విమినాలిస్ అందురు. ఇంగ్లండు నైఋతిభాగమున సోమర్సెట్ పల్లపునేలలలో దీనిని నేటికిని తోటలుగా పెంచుచున్నారు. ప్రతి శీతకాలమునను మొదటికంట నరికివేయుదురు. మఱుసటి వేసవిలో నది ఆరు మొదలు పది యడుగుల కొమ్మలను మరల నెత్తును.

ఈ కొమ్మ నేలలో గ్రుచ్చినంత మాత్రమున నెట్లు బ్రతుకునని సోదరీమణులు సందేహింపవచ్చును. అనేక వృక్షముల కొమ్మలు నరికి పాతినప్పుడు వేరు పుట్టుటకు చాల కాలము పట్టును. కొన్నిటికి పుట్టనే పుట్టదు. విల్లో కొమ్మకు బెరడు క్రిందనే వేరుమొలకలు ముందుగనే సిద్ధమై నిద్రించుచుండును. తడి తగులగానే యవి మేలుకొనును. అయితే యాకులు రాలినప్పటినుండి చిగురు తొడుగులోపల, అనగా నవంబరు మొదలు మార్చి వరకు, నరికిన పచ్చికొమ్మయే యిందుకు పనికివచ్చును. బుట్టలకై యుడికించినవి, బెరడు వలిచినవి, ఎండినవి యెన్నటికిని చిగురింపవు. నరికినవెంటనే పాతుటకు వీలులేనిచో, మొదళ్లు నీళ్లలో మునుగునట్లు బక్కెటులో నిలిపి యుంచవలెను.

ఇక కట్టిన విధము. మొట్టమొదట చోటు. విల్లో వేరు నీటిని వెదకికొనుచు పోవును గనుక, ఇంటిగోడకును, మురుగుగొట్టములకును 30 అడుగుల దూరములో దానిని నాటుట మంచిదని పెద్దావిడ చెప్పెను. కాబట్టి దొడ్డి చివర చోటు చూచితిమి. నడుమ నొక మేకు పాతి, దానికి మూడున్నర యడుగుల త్రాడు కట్టి, ముగ్గుపిండితో గుండ్రముగా గీత గీచితిమి. ఏడడుగుల అడ్డమునకు ఇరువదిరెండడుగుల చుట్టని మన పెద్దలు చెప్పిన లెక్కయే కదా! అందు రెండడుగులు వాకిలికి విడువగా 20 అడుగులు మిగిలెను. పది యంగుళముల కొకటి చొప్పున 25 నిలువు కొమ్మలు.

గడ్డపారతో నడుగు లోతున కన్నములు పొడిచి, కొమ్మను లావుపాటి కొసను క్రిందికి పెట్టి దింపి, చుట్టును మడమతో గట్టిగా త్రొక్కితిమి. మొగ్గలు పైకి చూచుచున్నవో లేదో ప్రతికొమ్మకును చూచుకొనవలెను. తలక్రిందులుగా పాతిన కొమ్మ చక్కగా పెరుగదు. వాకిలికి రెండుప్రక్కల నన్నిటికంటె లావైన కొమ్మలను నాటితిమి. తరువాత ప్రతి సందులోను రెండేసి సన్నని కొమ్మలను, ఒకటి కుడికి నొకటి యెడమకు వాల్చి గ్రుచ్చి, నిలువు కొమ్మలకు ముందొకటి వెనుకొకటిగా చాప యల్లినట్లు అల్లితిమి. కొమ్మలు కలిసినచోట మెత్తని త్రాటితో కట్టితిమి. తీగె వాడినచో కొమ్మ లావెక్కినప్పుడు బెరడును కోసివేయును. చివరకు నిలువు కొమ్మల కొసలన్నిటిని పైన దగ్గరకు చేర్చి, కొప్పు ముడిచినట్లు ముడిచితిమి. మొత్తము 73 కొమ్మలు. ఇద్దరాడువారము, ఒక పసిపిల్ల. రెండు మధ్యాహ్నముల పని.

పని యొక్కటి మిగిలెను. కొమ్మల మొదళ్లచుట్టును మూడడుగుల వెడల్పున గడ్డి తీసివేసి, దానిమీద నల్లగుడ్డయో, పాత అట్టలో పరచి, చెక్కపొట్టు పోయవలెను. మా యమ్మాయి గుడ్డ తెచ్చి పరచుచుండగా, వంటింటి కిటికీ వైపున మేము అడ్డుపడితిమి. "పచ్చని గడ్డిని చంపి నల్లగుడ్డ కప్పుటేల? కిటికీలోనుండి చూచుటకు వికారముగా నుండును. ఈ దేశములో దినదినము వాన కురియుచునే యున్నది. గడ్డి త్రాగిన నీరెంత?" అంటిమి. అమ్మ మాట కాదనలేక ఆ ప్రక్క నామె గడ్డి నట్లే విడిచెను.

ఏప్రిలు మొదటివారములో నొక యుదయమున మనుమరాలు పరుగెత్తుకొని వచ్చి మా కొంగు పట్టి దొడ్డిలోనికి లాగికొనిపోయెను. పుల్లలనిండ వడ్లగింజలంతేసి చిగుళ్లు! మూడు వారములు గడచునప్పటికి గోడలు పచ్చబడెను. మే మాసమునకు లోపల కూర్చున్నవారు వెలుపలికి కనబడకుండిరి.

ఆ గుడిసెలో జరిగిన ముచ్చట చెప్పకుండ నుండలేము. ప్రతియుదయమును మేమును మనుమరాలును కొమ్మలు లెక్కపెట్టుచుంటిమి. మేము "ఒకటి, రెండు" అనుచు పోగా, అదియు మావెంట ననుచు, నెలలోపల ఇరువదియైదు వరకు తప్పులేక చెప్పనేర్చెను. ఒకనాడు తానే యొక శాసనము చేసెను: పెద్దయిల్లు ఇంగ్లీషిల్లు, పుల్లల యిల్లు తెలుగిల్లు, ఇందు ప్రవేశించినవారు తెలుగే మాటలాడవలెను. మొదట "అమ్మమ్మా, రా. కూర్చో. నీళ్లు" అనునంతవరకే వచ్చెను. తరువాత, "అమ్మమ్మా, నీ చిన్నప్పుడు మీ అమ్మ నిన్ను కొట్టిందా?" అని యడుగునంత దూరము వచ్చినది. పెద్దయింటిలోనికి పోగానే మరల ఇంగ్లీషే. శాసనము శాసనమే!

ఇట్లుండగా మే మాసము చివర మేమందరము దూరమున నున్న బంధువుల యింటికి పోయి పండ్రెండు దినములుంటిమి. నీళ్లు పోయుమని యెవ్వరికిని చెప్పలేదు, వానదేశమని ధీమా. ఆ పండ్రెండు దినములును చినుకు రాలలేదు. తిరిగి వచ్చి చూతుము గదా, వంటింటి కిటికీ వైపున నారు నిలువు కొమ్మలును, వాని నడుమ వాలుకొమ్మలు కొన్నియు నాకులు మాడి వ్రేలాడుచున్నవి. తక్కిన మూడువైపులను, నల్లగుడ్డ పరచినచోట, గుడిసె పచ్చగానే యున్నది.

పక్కయింటి పెద్దావిడ వచ్చి, ఎండిన కొమ్మ నొకదానిని పెరికి మాకు చూపెను. అడుగుపొడవున సగమునకు పైగా నున్నగా నున్నది. దిగువను నాలుగైదు తెల్లని దారములవంటి వేళ్లు మాత్రమే. ఆమె చెప్పినది మా యమ్మాయి మాకు తెలుగున చెప్పెను. కొమ్మలో దాగియున్న సత్తువతో ఆకు ముందు వచ్చును. ఆ యాకుకు నీరందించు వేరు మెల్లగా వచ్చును. ఆకు తొందరపడును, వేరు తొందరపడదు. పచ్చదనము చూచి నాటుకొన్నదని మనము మోసపోదుము. ఆ నడిమికాలమున గడ్డివేళ్లు పైతడినంతయు ముందుగ త్రాగివేయును. అందుచేత మొదటి వేసవి దాటువరకు వారమునకు రెండుమారులైనను నేల లోతుగా నానునట్లు నీరు పోయవలెను. వానదేశమైనను విధి యిదియే.

మనుమరాలు ఎండిన కొమ్మలను తడవి చూచి, "చచ్చిపోయినవా అమ్మమ్మా?" అని తెలుగుననే యడిగెను. గాలికనియో, ఎండకనియో చెప్పి తప్పించుకొనవచ్చును. కాని చెప్పలేకపోతిమి. "అవును తల్లీ. గుడ్డ పరువవద్దన్నది నేనే. నీళ్లకెవ్వరికి చెప్పనిదియు నేనే" అంటిమి. అది కొంతసేపు మా మొగము చూచి, లోపలికి పోయి, తన పాలగ్లాసుతో నీళ్లు తెచ్చి మిగిలిన కొమ్మల మొదళ్లలో పోయసాగెను. మఱునాడు గడ్డి త్రవ్వి, గుడ్డ పరచినది మేమే. కిటికీలోనుండి చూచిన మాకది వికారముగా దోపలేదు.

ఇది పిల్లల యాటకు మాత్రమే పనికివచ్చు పని యని యెవరును తలపగూడదు. బ్రతికియున్న చెట్లతోనే యిండ్లు కట్టవచ్చునని ఆర్థర్ వీఖులా అను జర్మను ఇంజనీరు 1926లోనే ఒక గ్రంథము వ్రాసెను. 1998లో జర్మనీలోని ఔయర్‌స్టెట్ గ్రామములో మార్సెల్ కాల్బెరర్ అను వాస్తుశిల్పియు నాయన తోడివారును, వందలాది స్వచ్ఛంద సేవకులు చేయివేయగా, విల్లో కొమ్మలతో నొక పెద్ద మండపమును నిలిపిరి. విల్లో కొమ్మలను మోపులుగా కట్టి, స్తంభములుగా పాతి, పైన కమానులుగా వంచుట వారి పద్ధతి. ఇరాకు దేశపు చిత్తడినేలలలో రెల్లుమోపులతో కట్టు ప్రాచీన గృహములనుండి యా పద్ధతి వారికి స్ఫురించెను.

అంతదూరము పోనేల? మన దేశముననే, మేఘాలయములోని ఖాసీ, జయంతియా కొండలలో, రబ్బరుమఱ్ఱి వేళ్లను వాగుకడ్డముగా నడిపించి వంతెనలు పెంచుచున్నారు. లేతవేళ్లకు పోకమ్రానుల బోదెలను, వెదుళ్లను ఆధారముగా నిచ్చి ఆవలియొడ్డున నేలలో దిగనిత్తురు. మనుష్యులు నిర్భయముగా నడచుటకు పదునైదేండ్లో, అంతకెక్కువయో పట్టును. నాటినవాని బిడ్డలు నడతురు. నొంగ్రియాట్ గ్రామమున నట్టి వంతెన రెండంతస్తులతో నున్నది. ఈ వేరువంతెనలను 2022లో యునెస్కోవారి ప్రపంచవారసత్వపు పరిశీలన జాబితాలో చేర్చిరి.

మన తెలుగుదేశములోను ఈ విద్య బొత్తిగా లేకపోలేదు. తమలపాకు తోటలలో తీగెను ప్రాకించునది ఎండుగుంజలమీద గాదు; బ్రతికియున్న అవిశచెట్లమీద. పొలముగట్లమీద కంచెలుగా పాతిన కొమ్మలు చిగిర్చి చెట్లగుట మనము చూచుచునే యున్నాము. అయితే బుట్టల విల్లో మన మైదానపు టెండలకు తగదు, దానికొరకు ప్రయాసపడవలదు. మన దొడ్లకు తగినది గ్లిరిసిడియా, అనగా గిరిపుష్పము. మేము స్వదేశము చేరిన వారమునకే తొలకరి వానలు కురిసినవి. వెంటనే, ఎఱువునకై గట్టున గిరిపుష్పమును పెంచుకొను రైతు నడిగి ఎనిమిది కొమ్మలు తెచ్చి పాతితిమి. వానిలో నారు బ్రతికినవి.

దాని విధము సంగ్రహముగా చెప్పెదము. ముదిరిన కొమ్మ, మణికట్టు లావున, ఆరడుగుల పొడవున నుండవలెను, లేతకొమ్మ క్రుళ్లిపోవును. మొదలు ఏటవాలుగా నరికి, అడుగున్నర లోతున పాతి, చుట్టును గట్టిగా త్రొక్కవలెను. వానలు మొదలైన వెంటనే పాతుట మేలు. ఇది విల్లోవలె వంగదు గనుక గుడిసెగా నల్లుటకు పనికిరాదు. నాలుగు మూలలను, నడుమను గుంజలుగా నిలిపి, పైన వెదురు వాసములు పరచుకొనవలెను. మొదటి యేడు బరువైన పాదు నెక్కింపక, రెండవ యేట దొండతీగె నెక్కించుకొనవచ్చును. దొండయు కొమ్మనాటితో వచ్చునదే గనుక, మీ పందిరికి గుంజయు, పాదును గూడ ఇరుగుపొరుగు దొడ్లనుండియే లభించును. గుంజలు చిగిర్చి పాదునకు నీడ కమ్మకుండ నేటికి రెండుమూడుసార్లు కొమ్మలు నరుకవలెను. ఆ యాకు మొక్కల మొదట వేసినచో మంచి యెఱువు. దీని గింజయు, బెరడును ఎలుకలకు విషము. పిల్లలు నోట పెట్టుకొనకుండ చూడవలెను. గిరిపుష్పము దొరకనివారు మునగకొమ్మను నాటవచ్చును గాని, మునగ పెళుసు. దానికి ఊయల కట్టరాదు, బరువు తగిలింపరాదు.

ఇంతయు వ్రాసి, ముఖ్యమైన మాట చివరకు నుంచితిమి. ఎండుగుంజల పందిరి వేసిననాడే పూర్తియగును, మఱునాటినుండి శిథిలమగుచుండును. పచ్చిగుంజల పందిరి వేసిననాడు మొదలగును. దానికి మొదటి వేసవి నీరు, ప్రతియేటను కత్తిరింపు, వంగిన కొమ్మను మరల నల్లుట, ఎండినదానిని తీసి వేఱొకదానిని గ్రుచ్చుట తప్పవు. కత్తిరింపు మానినచో విల్లో గుడిసె మూడు నాలుగేండ్లలో చెట్లగుంపగును. కాబట్టి కొమ్మ తెచ్చుటకు ముందు, "ఈ మొదటి యెండకాలము నీళ్లు పోయువా రెవరు? నేనూరికి పోయిన నాకు మారుగా నెవరు?" అని యడిగికొనుడు. జవాబున్నచో పాతుడు, లేనిచో వెదురుతోనే సరిపెట్టుకొనుడు. అందులో తప్పేమియు లేదు.

కిందటి మార్గశిరములో మా యమ్మాయి ఫోనుచేసి, గుడిసె ఆకులు రాల్చినదనియు, కత్తిరింపులో వచ్చిన కొమ్మలతోనే కిటికీవైపు సందులు పూడ్చితిననియు చెప్పెను. బ్రతికినవాని కొమ్మలే చచ్చినవాని చోటను నిలిచినవి. మిగిలిన మోపును ఆ వీధిలోనే మఱియొక యింటివారు అడిగి పట్టుకొనిపోయిరట. ఆ వీధిలో నింతకుముందు మా యమ్మాయిని పేరుపెట్టి పిలిచినవారు పక్కయింటి పెద్దావిడ యొక్కతెయే. ఇప్పుడు మూడిండ్లవారు పిలుచుచున్నారు. మన యూళ్లలో కరివేపపిలక యడుగ వచ్చినవారితో చుట్టరికము కలియుట కొత్తగాదు గదా!

తరువాత ఫోను మనుమరాలి చేతికి పోయెను. అది చలిలో కోటు తొడిగికొని, గుడిసెలోనికి పోయి కూర్చుండి మాటలాడినది. "అమ్మమ్మా, ఆరు కొత్తవి పెట్టాము. నల్లగుడ్డ కూడ వేశాము. మళ్లీ ఎప్పుడొస్తావు?" అని యడిగెను. శాసనము నేటికిని చెల్లుచున్నది.

కొమ్మ నాటి చూచిన సోదరీమణులు, బ్రతికినవెన్నో, చచ్చినవెన్నో, ఏ కారణమున చచ్చినవో మాకు వ్రాయుడు. చచ్చినవాని సంగతి దాచవలదు. వచ్చు మాసము గోరింట కంచెను గూర్చి ముచ్చటింతము.